నానమ్మ ఎడమచెవి

పొద్దున్నే కుక్కర్ పొయ్యి మీద పెట్టేముందు మూతను నానమ్మ చెవి దగ్గర పెట్టడం ఆ ఇంట్లో అలవాటు. ఆవిడ వేలి కణుపుతో టకటకా కొట్టి, ఎడమచెవి ఆనించి, "ఇంకో వారం లాగిస్తుందిలే" అనో, "ఇవాళే మార్పించు" అనో చెప్పేది. పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో కొట్టి చూసి, పగులున్నవాటిని పక్కన పడేయడమే ఆవిడ చేసిన ఉద్యోగం. ఆవిడ రిటైరైనా చెవి రిటైర్ కాలేదు. ఏది పగలబోతున్నా ముందే వినబడిపోయేది. పై వాటా వాళ్ళు కుర్చీ కొన్నా ముందు ఈవిడ దగ్గరికే మోసుకొచ్చేవారు.

అందుకే మనవరాలికి రెండు యూనివర్సిటీల్లో ఇంజనీరింగు సీటు వచ్చినప్పుడు, నానమ్మను రెండింటికీ తీసుకెళ్ళడం ఎవరికీ వింతగా తోచలేదు.

మనవరాలిని అందరూ పుల్ల అంటారు. గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది, పైగా ఒట్టి భయస్తురాలు. లిఫ్టంటే భయం, కొత్తవాళ్ళంటే భయం, ఫోన్ మోగితే భయం. రెండు సీట్లూ సివిల్‌లోనే. ఒకటి ఊళ్ళోనే, క్లాసులయ్యాక బస్సెక్కి ఇంటికొచ్చేయొచ్చు. కాకపోతే ల్యాబులో యంత్రాలు తాతలనాటివి, ఉద్యోగాలిచ్చే కంపెనీలు అటు తొంగి కూడా చూడవు. రెండోది రాత్రంతా రైల్లో పోవాల్సినంత దూరం. వంతెనలు కట్టడం నేర్చుకోవాలంటే అక్కడికే పోవాలని పుల్లకు తెలుసు. 

దూరపు యూనివర్సిటీ హాస్టల్లో నానమ్మ స్తంభం స్తంభమూ కొట్టి విన్నది.  కాపలా మనిషి కూడా తన టార్చి తెచ్చి కాస్త వినమన్నాడు.

"నీ టార్చి ఇవాళో రేపో అన్నట్టుంది నాయనా. స్తంభాలకి మాత్రం ఢోకా లేదు," అని మనవరాలి వైపు తిరిగింది. "ఇక్కడ నీకేం కాదే. ఈ గోడ మీ నాన్న బుర్రకంటే గట్టిది."

"మధ్యలో నా బుర్ర ఏం చేసిందమ్మా?" అన్నాడు నాన్న. ఆయన బస్సు డ్రైవరు, తల్లి మాట ముందు ఆయన బ్రేకులు ఎప్పుడూ పనిచేయలేదు.

ఏ సీటు కావాలో కంప్యూటర్లో నొక్కడానికి ఆఖరి రోజు రానే వచ్చింది. పుల్ల పొద్దుటినుంచీ ముద్ద ముట్టలేదు. 

"నాకక్కడ జ్వరమొస్తే ఎవరు చూస్తారు నానమ్మా?"

"మాత్ర వేసుకుని పడుకుంటావు. భయం ఎవరికి లేదే? ఫ్యాక్టరీలో మొదటి కప్పు పట్టుకున్నప్పుడు నా చేతులూ వణికాయి. వణుకుతూనే పట్టుకున్నాను. నువ్వూ వణుకుతూనే నొక్కు."

 "వెళ్తాను," అంది పుల్ల. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని తనకే ఆశ్చర్యమేసింది. నాన్న గబగబా కంప్యూటర్ తెరిచిపెట్టాడు. పుల్ల బాణం గుర్తును దూరపు యూనివర్సిటీ మీదికి తెచ్చింది. తెర కనబడక నానమ్మ ఆమె భుజం మీదుగా వంగింది.

టిక్.

వేడి గాజుగ్లాసులో చన్నీళ్ళు పోస్తే వచ్చేలాంటి సన్నటి చప్పుడు. పుల్ల వేలు ఆగిపోయింది.

"నానమ్మా, ఏదైనా పగులుతోందా?"

ఆవిడ బల్ల కొట్టింది, గోడ కొట్టింది, చెవి రిక్కించింది. "ఏమీ లేదే. నీ పిరికితనమే చప్పుడు చేస్తోంది. నొక్కు."

పుల్ల కుర్చీకి చెవి ఆనించింది. చప్పుడు లేదు. బల్లకు ఆనించింది. లేదు. లేవబోతుంటే చెవి నానమ్మ గుండెకు తగిలింది. టిక్. మళ్ళీ, టిక్.

నానమ్మ చెవి తనకూ వచ్చిందని పుల్లకు అప్పుడే తెలిసింది. ఎవరి వీపు వాళ్ళకు కనబడనట్టే, ఆ చెవికి సొంత పగులు వినబడదు. తాతయ్య గుండెలో పగులు వినబడ్డాక నానమ్మ ఆయన్ను విడిచి గడప దాటలేదు. ఆస్పత్రి యంత్రాలకు ఏమీ దొరకలేదు. ఆయన పోయాక పుల్లతో ఒకే ఒకసారి అంది: "వస్తువుదైతే చెప్పేయాలే. మనిషిదైతే చెప్పకూడదు. చెబితే, మిగిలిన నాలుగు రోజులూ దానికోసమే చెవి ఒగ్గి కూర్చుంటారు."

 అప్పటిదాకా పడ్డ భయాలు ఒక లెక్కా అనిపించింది పుల్లకు.

"టైమైపోతోందమ్మా," అన్నాడు నాన్న.

పుల్ల బాణాన్ని ఊళ్ళో యూనివర్సిటీ మీదికి జరిపి, నొక్కేసింది.

 నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు. నానమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఛీ, పిరికిదానా! మోకాళ్ళు పట్టేసినా స్తంభాలన్నీ తిరిగి విన్నానే! నీ బతుకు నువ్వే బుగ్గి చేసుకున్నావు కదే! భయపడ్డావు కదూ?"

"అవును నానమ్మా. చాలా భయమేసింది."

ఏడుస్తున్న మనవరాలిని చూసి ఆవిడ కోపం సగానికి దిగింది. కొంగుతో పుల్ల మొహం తుడిచింది.

"ఏడవకు. మొదటి రోజు బస్సులో నీతోపాటు నేనూ వస్తాలే."

"రా నానమ్మా," అంది పుల్ల. "రోజూ రా."