పాలమూరు ఎన్ని రోజుల దారి

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయాలంటారు. ఉప్పలమ్మ ముందు మాత్రం ఒక్కటి కూడా చెల్లదు. నిజాం రాజ్యం పోయిన పదమూడో ఏట, ఆమె ఒక్కగానొక్క బిడ్డ సోమమ్మను అడగడానికి పాలమూరు నుంచి పర్వతాలు అనే గొల్లపిల్లవాడు నల్లగొండ పక్కనున్న వాళ్ల పల్లెకు వచ్చాడు. వాకిట్లో మంచాలు వేశారు, కల్లుకుండ దింపారు. రెండు వైపులవాళ్లూ తాగితే సంబంధం ఖాయమైనట్టే.

"ఆ కుండ ముట్టకుండ్రి," అంది ఉప్పలమ్మ. "పాలమూరు ఎంత దూరముంటది?"

"గదేం దూరం చెల్లే!" అన్నాడు సంబంధం తెచ్చిన భిక్షం. గొంగళ్లు అమ్ముతూ ఊళ్లు తిరిగే మనిషి, నోట్లో తేనె. "పొద్దుగాల బస్సెక్కి పట్నంల మారితే, షాద్‌నగర్ మీదికెంచి పొద్దుగూకేవరకు ఇంట్ల ఉంటరు."

ఉప్పలమ్మ పెళ్లికొడుకు వైపు తిరిగింది. "నువ్వు జెప్పు బిడ్డా."

"పన్నెండు రోజులత్తా."

భిక్షం మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఓయమ్మో, ఒకడికి ఒక్క రోజు, ఇంకొకడికి పన్నెండు రోజులా! దారినే దాచినవాళ్లు ఇంకేమేం దాచారో? అక్కడ వీడికి ముందే ఒక పెళ్లాం ఉందేమో, ఎవరు చూడొచ్చారు? ఉప్పలమ్మ అక్క రామమ్మను కూడా ‘గీడనే’ అని చెప్పే ఇచ్చారు. ఆ అక్క మళ్లీ పుట్టింటి గడప తొక్కలేదు. చచ్చిపోయిన కబురు సైతం దినాలు అయిపోయాక వచ్చింది. అప్పటి నుంచి దగ్గరే అన్న మాట వింటే ఉప్పలమ్మకు ఒళ్లు మండుతుంది.

"పన్నెండు రోజులు ఏడేడ పండుకుంటవో జెప్పు," అని నిలదీసింది.

పర్వతాలు వేళ్లు మడిచాడు. "జడ్చర్ల కాడ ఒక రాత్రి. కల్వకుర్తి కాడ చేన్లకు ఎరువుకని మంద పెట్టమంటరు, ఆడ రెండు. దేవరకొండ కాడ నీళ్లుంటయి. నడుమ గొర్రె ఈనిందంటే ఇంకో పొద్దు..."

"ఓరి పిచ్చోడా! నేనడిగింది మనిషి దారిరా, గొర్ల దారి గాదు!"

"మంద లేకుండ నేనెన్నడు నడిస్తినత్తా? గీ ఒక్కసారే బస్సెక్కిన. కక్కుకుంటనే వచ్చిన. దాన్ని దారంటరా?"

వాకిలంతా నవ్వింది. ఇదే సందని భిక్షం కుండ వైపు చెయ్యి చాపాడు.

"ఆగన్నా," అంది ఉప్పలమ్మ. ఆమె నవ్వలేదు. "బస్సు ఒక్కరోజే, సరే. నా బిడ్డను ఆ బస్సెక్కించి తోలేదెవరు? ఆ పొద్దు పనెవరు జేస్తరు? మా అక్క ఊరికి గూడ బండిబాట ఉండె. ఒక్కనాడు తోలిండ్రా?"

భిక్షం తన గొంగడిలో ఏదో వెతుక్కోసాగాడు. తేనె ఎండిపోయింది.

"మీ మంద ఈ దిక్కు ఎప్పుడొస్తది?" అని పర్వతాలును అడిగింది.

"ఏటా ఎండకాలం. మాకాడ మేతుండదు."

"ఆడోళ్లు వెంట వస్తరా?"

"రాకుంటే వండేదెవరత్తా?"

"ఒక్క ఏడు రాకపోతే?"

"గొర్లు సస్తయి," అన్నాడు పర్వతాలు, ఇంత తెలియదా అన్నట్టు.

ఉప్పలమ్మకు కావలసిన మాట దొరికింది. మనుషులు మాట తప్పుతారు. గొర్రెల కడుపు తప్పదు. లేచి వెళ్లి కుండ తానే వంచి, మొదటి కల్లు పర్వతాలుకు పోసింది.

"పన్నెండు రోజులే మంచిగున్నది," అంది. "నా బిడ్డను నడిపించుకరా."