నాంచారమ్మ కొరికితేనే

గిలకలదిండిలో మెత్తళ్ళు ఎండాయో లేదో నాంచారమ్మ కొరికి చెప్పాలి. ఇసుక మీద ఆరబోసిన ఆ చిన్న చేపల్లోంచి ఒకటి తీసి ముందు పళ్ళతో కొరుకుతుంది. టక్కున విరిగితే "కట్టండి" అంటుంది. అప్పుడే గోతాల మూతులు కుట్టేది. గుడివాడ నుంచి సరుకు కోసం వచ్చే కనకరత్నం ఎవర్నీ ఓ పట్టాన నమ్మే మనిషి కాదు. నాంచారమ్మ పళ్ళను మాత్రం కళ్ళు మూసుకుని నమ్మేది. ఆ నమ్మకమంటే నాంచారమ్మకు ఎంత గర్వమో!

అలాంటి పళ్ళు కొన్నాళ్ళుగా కదులుతున్నాయి. తోముకుంటే రక్తం. రక్తం వస్తోందని ఆ చోట తోమడమే మానేసింది మహాతల్లి. రక్తం కనపడకపోయేసరికి జబ్బు పోయిందనుకుంది! చివరికి చేప కొరకబోతే ప్రాణం విలవిల్లాడింది. ఆ రోజు చేపను పెదవుల మధ్య పెట్టుకుని, కొరికినట్టు నటించి, "కట్టండి" అనేసింది.

ఆ గోతాలు గుడివాడలో బూజు పట్టాయి.

కనకరత్నం వాటిని ఆటోలో వెనక్కి తెచ్చి దింపింది. తిట్టలేదు. "పిన్నీ, నిజం చెప్పు. కొరికావా?" అని మాత్రం అడిగింది. నాంచారమ్మ తల దించుకుంది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

మర్నాడే మొగుడు పున్నారావు ఆమెను బందరులో పళ్ళ డాక్టరు తరన్నుమ్ దగ్గరికి లాక్కెళ్ళాడు. కుర్చీలో కూర్చుందో లేదో నాంచారమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గార మాత్రం తియ్యొద్దు డాక్టరమ్మా! పళ్ళు దాని పట్టు మీదే నిలబడ్డాయి. మా ఆడబిడ్డ తీయించుకుంటే అన్నీ ఊడిపోయాయండీ."

తరన్నుమ్ నవ్వలేదు. అద్దం చేతికిచ్చి కింది పళ్ళ లోపలి వైపు చూపించింది.

"మీ పడవ అడుగున గుల్లలు పట్టవూ? అలాగే రోజూ తీయని పాచి గట్టిపడి గార అయిందమ్మా. దాని కింద క్రిములు చేరి చిగురును పంటి నుంచి విడదీస్తున్నాయి. లోపల ఎముక కూడా తగ్గుతోంది. రక్తం వచ్చేది తోమినందుకు కాదు, సరిగా తోమనందుకు."

"గుల్లలు గీకకపోతే పడవ ఏమవుద్దో నన్నడగండి" అంటూ పున్నారావు అందుకున్నాడు.

"నువ్వూరుకోవయ్యా!" అని కసిరింది గానీ, నోటి మీంచి చెయ్యి తీసింది.

షుగరు పరీక్ష చేయించారు, లేదని తేలింది. తిమ్మిరి సూది వేసి, విడతలుగా చిగుళ్ళ లోతు దాకా శుభ్రం చేశారు. అంతా అయ్యాక ఇంట్లో అద్దం చూసుకుంటే పళ్ళ మధ్య సందులు! "నా కొంప ముంచిందిరా దేవుడో!" అని శోకాలు మొదలెట్టింది. పున్నారావు ఫోను కలిపిచ్చాడు.

"ఆ సందుల్లో ఇన్నాళ్ళూ గార కూర్చుందమ్మా" అంది తరన్నుమ్. "వాపు తగ్గి చిగురు బిగుసుకోనివ్వండి. పోయిన ఎముక తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకుందాం. రెండు పూటలా మెత్తటి బ్రష్, సందుల్లోకి ఇచ్చిన చిన్న బ్రష్. మీ పొగాకు అలవాటు మానెయ్యాలి. నేను చెప్పేదాకా ఎండుచేప కొరకొద్దు."

పొగాకు మానడం కంటే ఆ చివరి మాటే కష్టంగా తోచింది. ఆ వేసవంతా ఇసుక దగ్గర చేతులు కట్టుకుని కూర్చుంది. ఇంకెవరో మెత్తళ్ళు విరిచి చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చేది. అయినా తోమడం మానలేదు. ఉమ్మిలో ఎరుపు తగ్గుతూ తగ్గుతూ మాయమైంది. అన్నం హాయిగా నమిలింది. పళ్ళ కదలిక కూడా బాగా తగ్గింది. ఒకనాడు తరన్నుమ్ చిగుళ్ళన్నీ పరీక్షించి, "ఇక కొరకొచ్చు. ముందు పళ్ళతో కాదు, పక్క పళ్ళతో. మూణ్ణెల్లకోసారి మాత్రం నాకు కనపడాలి" అంది. నాంచారమ్మ దారంతా మొగుడితో వాగుతూనే ఉంది.

కనకరత్నం ఆటో వచ్చేసరికి మబ్బు పట్టింది. అందరికీ తొందరే. గోతాలు సిద్ధంగా ఉన్నాయి. కనకరత్నం ఒక చేపను తీసి నాంచారమ్మ చేతిలో పెట్టింది.

నాంచారమ్మ దాన్ని పక్క పళ్ళ కింద పెట్టి నొక్కింది. టక్కుమనలేదు, వంగింది. తీసి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. రక్తపు చుక్క లేదు. ప్రాణం లేచొచ్చింది.

"ఎండలేదు. ఇంకో ఎండ పడాల్సిందే" అంది దర్జాగా.

"వానొచ్చేలా ఉంది గదే!" అని ఎవరో గొణిగారు.

కనకరత్నం మొహం విప్పారింది. ఆటో వైపు తిరిగి కేకేసింది.

"ఇంజను కట్టెయ్ బాబూ! పిన్ని కొరికింది."