ఫ్యామిలీ రూములో దేవకమ్మ

రామనారాయణ మద్రాసులో చాన్నాళ్లు వంటమేస్త్రీగా చేసి, సొంతూరు తిరిగొచ్చి, ఉదయగిరి కొండ కింద బస్టాండు దగ్గర హోటలు పెట్టాడు. ఇందిరమ్మ పోయిన ఏడాది అది. పాలరాతి బల్లలు, తలమీద ఫ్యాన్లు, చేతులు కడుక్కునే చోట నిలువుటద్దం, ఆడవాళ్లతో వచ్చేవాళ్లకి తెర కట్టిన ఫ్యామిలీ రూము. అన్నిటికన్నా జనం గొప్పగా చెప్పుకున్నది అతని ఊతప్పం గురించి. వేలెడు మందాన, పళ్లెం నిండా, పైన ఉల్లిపాయ, టమేటా, జీడిపప్పు పరిచి నేతిలో కాల్చి తెస్తాడట. రేటు విన్నవాళ్లలో సగం మంది మాత్రం బయటే నిలబడి వాసన చూసి బస్సెక్కేవాళ్లు.

వరికుంటపాడు పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే వెంగయ్య, పెళ్లాన్ని ఆ హోటలుకి తీసుకుపోతానంటే ఊరంతా నవ్వింది. ముసలోడికి ఇప్పుడు సరసం పుట్టిందన్నారు. వాళ్లకేం తెలుసు అతని గుబులు. దేవకమ్మ చిక్కిపోతోంది. రవిక భుజాల మీంచి జారుతోంది, గాజులు మోచేతి దాకా ఎగబాకుతున్నాయి. అడిగితే తింటానే ఉండా గదా అంటుంది. వానలు మొహం చాటేసిన ఏడు, ఇంట్లో గింజలు అంతంతమాత్రం. తనకి కడుపునిండా పెట్టి ఆమె పస్తులుంటోందని వెంగయ్య తేల్చుకున్నాడు. ఆ ఆలోచన వచ్చినప్పటినుంచి తన మీద తనకే రోత పుట్టింది. ఒక్కపూట కళ్లముందు కూర్చోబెట్టి, నేతిలో కాల్చింది తృప్తిగా తినిపిస్తే మనిషి తేరుకుంటుందని ఆశ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనవళ్లు పుట్టినా, వెంగయ్య తన భార్య తింటుండగా ఒక్కనాడూ చూసినవాడు కాడు. ఆ ఇళ్లల్లో అంతే. మొగుడు తిని, చెయ్యి కడుక్కుని, బయట మంచం మీద బీడీ ముట్టించాక, ఆడది అదే పళ్లెంలో ఇంత వేసుకుని పొయ్యి దగ్గర గోడవైపు తిరిగి తింటుంది. మొగుడి ఎదట నమిలితే తప్పు. దానికి మర్యాద అని పేరు. ఎవరు పెట్టారో గానీ వాళ్ల నోట్లో మన్ను పడ.

దేవకమ్మ రానంటే రానంది. గొర్రెలెవరు చూస్తారంది, మోకాళ్లు నొప్పులంది. ఎప్పుడూ ఎవర్నీ బతిమాలని వెంగయ్య ఆమెను బతిమాలాడు. చివరికి పెట్టెలో చీర తీసి కట్టుకుని బయల్దేరింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారి పొడవునా కొండవైపు చూస్తూనే ఉంది.

ఫ్యామిలీ రూములో రెండు పళ్లేలు వచ్చాయి. దేవకమ్మ తన పళ్లెం పక్కకు జరిపి, ముందు నువ్వు కానీ, నేను తర్వాత తింటానంది. అక్కడే ఉన్న రామనారాయణ నవ్వి, ఇక్కడ తర్వాత అనేది లేదమ్మా, చల్లారితే సాగుతుంది, వేడిమీదే తినాలని చెప్పి వెళ్లాడు. వెంగయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"తిను. నేను చూడాల" అన్నాడు.

ఆమె చిటికెడు ముక్క తుంచి, చట్నీలో అద్ది నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. వెంగయ్య మురిసిపోతూ చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆమె మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు తేలేసింది, బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. మంచినీళ్లు తాగబోతే ముక్కులోంచి వచ్చాయి. నోట్లోది కొంగులోకి ఉమ్మేసి, మూతి తుడుచుకుని, అతని తృప్తి కోసం ఇంకా చిన్న ముక్క తుంచింది. అదీ దిగలేదు.

పచ్చిమిరపకాయ కొరికిందేమోనని వెంగయ్య చక్కెర కోసం కేకేయబోయాడు. అంతలో ఆమె చేతులు చూశాడు. కంగారు లేదు. కొంగు మడతపెట్టడం, నీళ్ల చుక్కలు తుడవడం, ఊపిరి కూడదీసుకోవడం, అన్నీ బాగా అలవాటైనట్టు చేసుకుపోతోంది. చక్కెర సంగతి వదిలేసి వెంగయ్య ఆమె వైపు వంగాడు.

"ఎన్నాళ్లనించి?"

"ఉగాదికి ముందునించే. గంజి దిగతా ఉండాది. సంగటి దిగదు."

ఆమె వాటా సంగటి రోజూ కుక్క తినేదట. కుక్కకి వేసి, పళ్లెం కడిగి బోర్లించేదట. ఈ కరువులోనూ మా కుక్క ఎంత దిట్టంగా ఉందో చూడండని వెంగయ్య ఊళ్లో గొప్పలు చెప్పుకున్నాడు. ఏం మనిషినని తలకొట్టుకోవాలనిపించింది.

"నాకెందుకు చెప్పలా?"

"మా యమ్మకీ ఇట్నే మొదలైంది. మా నాయన గొర్రెల మందంతా అమ్మి పెద్దాసుపత్రికి తీసకపోయినాడు. ఆమె పాయ, గొర్రెలూ పాయ. ఇదేందో నాకు తెలుసయ్యా."

అతను లేచి నిలబడ్డాడు. ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోదామన్నాడు, ఆత్మకూరు అయినా నెల్లూరు అయినా సరేనన్నాడు. దేవకమ్మ అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నలుగురు తిరిగే చోట ఆమె అతని చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"పోదాంలే. పొద్దున కూడా ఏం తినలా నువ్వు. ముందు తిను."

వద్దన్నాడు. ఆమె తన పళ్లెం కూడా అతని ముందుకు తోసింది.

"నా మాట విను. ఎట్టుండాదో తిని నాకు చెప్పు. వాసన మాత్రం బాగుండాది."

తెర అవతల ఎవరో నవ్వుకుంటూ కాఫీ అడుగుతున్నారు. వెంగయ్య ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఆమె చేతి వంట బాగుందని గానీ బాగాలేదని గానీ ఒక్కనాడూ అన్న మనిషి కాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. దేవకమ్మ మోచేతులు బల్లమీద ఆనించి, అతని నోటి వంకే చూస్తూ ఎదురుచూస్తోంది.

"రవంత పులుపుండాది" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "అడుగున కరకరలాడతా ఉండాది. లోపల మెత్తగుండాది. ఉల్లిపాయ తియ్యగా తగలతా ఉండాది."

"ఊ" అంది దేవకమ్మ. "ఇంకా?"