ఒక్క సెకను ముందు

ఆ శనివారం ఎవరెట్ శాండ్‌క్విస్ట్ చేయాల్సిన పనులు ఇవి. పొద్దున్నే జట్టు కుర్రాళ్లతో కూర్చుని, ముద్ద దిగకపోయినా సరే, గుడ్లూ రొట్టే తినాలి. మోకాలు వాచినవాడు ఆడగలడో లేడో డాక్టరును అడగాలి. పాత విద్యార్థుల గుడారానికి వెళ్లి, చిల్లీ అనే మాంసం కూరలో దాల్చినచెక్క రొట్టె ముంచుకు తింటున్న పెద్దమనుషులందరితో చేతులు కలపాలి. ఇల్లు అమ్మకానికి పెట్టాలో వద్దో చీకటి పడేలోపు భార్య లెనోరాకు చెప్పాలి. ఈ మధ్యలో మెరిడన్ కాలేజీని ఓడించాలి.

ఆ చివరి పని అయితే ఇల్లు అమ్మనక్కర్లేదు. కాల్డర్ స్టేట్ యూనివర్సిటీ అధ్యక్షురాలు మర్యాదగానే చెప్పింది, "ఈసారి కూడా మెరిడన్ చేతిలో ఓడితే వేరే కోచ్‌ని చూసుకోక తప్పదు, ఎవరెట్."

ఎవరెట్ ఇదే మైదానంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాడు. అప్పట్లో కాల్డర్ స్టేట్ అంటే దేశం మొత్తం లేచి కూర్చునేది. ఆ తర్వాత ఎందుకు పడిపోయిందో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. పడిపోయిందన్న మాట మీద మాత్రం ఎవరికీ తేడా లేదు. విద్యార్థుల గ్యాలరీలో సగం బెంచీలు ఖాళీగా ఉండి మొక్కజొన్న చేల మీది గాలి నేరుగా వచ్చి తగిలేది. అందుకే బుధవారం ఎవరెట్ హాస్టల్ భోజనశాలకు వెళ్లి, కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"శనివారం అందరూ రండి. మనం గెలిస్తే మైదానం మీదే. కంచె దూకేయండి!"

"గోల్ స్తంభాలు కూడా పీక్కోవచ్చా, కోచ్?" అని వెనక నుంచి ఒక అమ్మాయి అరిచింది.

"పీక్కుపోండి. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి."

భోజనశాల ఈలలతో మోగిపోయింది. అతనితో పాటు ఆడి, ఇప్పుడు అతని కిందే పనిచేస్తున్న డ్యూయీ క్రటోక్విల్ మాత్రం బయటికొచ్చాక గొణిగాడు. "ఒరే ఎవరెట్, మన రోజుల్లో గెలిస్తే జనం చలికి కప్పుకున్న దుప్పట్లు మడుచుకుని ఇంటికి పోయేవాళ్లు. కంచె దూకడమేంట్రా, ఎప్పుడూ గెలవనివాళ్లలాగా?"

"ఈ పిల్లలు ఎప్పుడు చూశార్రా మన గెలుపు? ఒక్కసారి రుచి చూడనీ."

శనివారం గ్యాలరీ నిండిపోయింది. ఆట చివరికొచ్చేసరికి కాల్డర్ స్టేట్ రెండు పాయింట్లు ముందుంది. బంతి మెరిడన్ చేతిలో, మైదానం నట్టనడుమ ఉంది. స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నితే వాళ్లకు మూడు పాయింట్లు వస్తాయి. కానీ అంత దూరం నుంచి తన్నడం ఎవరి వల్లా కాదు. బంతిని ముందుకు విసరడం తప్ప వాళ్లకు దారి లేదు.

విసిరారు. మెరిడన్ కుర్రాడొకడు పరుగున వచ్చి చేతులు చాపాడు. ఆ చేతులకూ బంతికీ మధ్యకు టోబియాస్ రెంటేరియా ఎగిరాడు. టోబియాస్ తల్లిదండ్రులిద్దరూ మాంసం ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు అతనే. స్కాలర్‌షిప్ లేకుండానే నాలుగేళ్లు జట్టుతో ఉండి, ఎక్కువ ఆటలు అంచున నిలబడి చూసినవాడు. ఆ రోజు మోకాలు వాచినవాడి స్థానంలోకి వచ్చాడు. అతని వేళ్లు తగిలి బంతి నేలను తాకింది. గడియారం సున్నా చూపించింది.

ఎవరెట్ గుండెలోంచి కేక వచ్చింది. వెనక కంచె ఫెళఫెళమంది. విద్యార్థులు వరదలా మైదానంలోకి వచ్చిపడ్డారు. ఒకడు అప్పుడే స్తంభం ఎక్కుతున్నాడు. అమ్మాయిలు ఏడుస్తూ నవ్వుతున్నారు. ఎవరో ఎవరెట్‌ను వాటేసుకున్నారు.

అంత గోలలోనూ ఒక గొంతు వేరుగా వినిపించింది.

"ఇంకా అవలేదు! వెనక్కి పొండి! దండం పెడతాను, వెనక్కి పొండిరా!"

టోబియాస్ హెల్మెట్ తీసేసి, రెండు చేతులూ బార్లా చాపి, వస్తున్న గుంపుకు ఎదురు నిలబడి ఒక్కడే తోస్తున్నాడు. బంతి నేలను తాకగానే గడియారం ఆగాలి. అది తాకినప్పుడు ఇంకో సెకను మిగిలి ఉందని అందరికంటే ముందు చూసినవాడు అతనే. గుంపులోంచి ఎవడో అతని వీపు చరిచి, "నీకేమైందిరా బాబూ, గెలిచాం!" అని నవ్వాడు.

అంపైర్లు వీడియో చూశారు. గడియారంలో ఒక్క సెకను తిరిగి వచ్చింది. తర్వాత తెల్లటోపీ పెద్ద అంపైరు మైకులో చెప్పాడు. ప్రేక్షకులు ఆట మధ్యలో మైదానంలోకి వచ్చినందుకు కాల్డర్ స్టేట్‌కు శిక్ష, మెరిడన్‌కు పదిహేను గజాలు ముందుకు.

ఎవరెట్ డ్యూయీ వైపు చూశాడు. డ్యూయీ అప్పటికే పిల్లల్ని కంచె వైపు తోలుతున్నాడు. స్తంభం ఎక్కినవాణ్ని కాళ్లు పట్టి దించారు. పిల్లలు కంచె అవతలికి, వచ్చినంత వేగంగా కాదు, కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లారు.

ఆ పదిహేను గజాలతో దూరం మెరిడన్ కుర్రాడి కాలికి అందింది. వాడు తన్నాడు. బంతి స్తంభాల మధ్య నుంచి వెళ్లింది.

బుధవారం కేక వేసిన ఆ అమ్మాయి కంచె పట్టుకుని, "కోచ్, మీరే కదా రమ్మన్నారు?" అంది. తిట్టలేదు. నిజంగానే అడిగింది.

"అవునమ్మా. నేనే రమ్మన్నాను."

లాకర్ గదిలో డ్యూయీ మెల్లగా అడిగాడు. "మళ్లీ లేస్తామంటావా, ఎవరెట్?"

"ఆట ఎప్పుడు అయిపోతుందో కూడా మరిచిపోయాం రా. నాతో సహా." అన్నాడు ఎవరెట్. "దాన్ని గుర్తుంచుకున్నవాడు జట్టులో ఒక్కడే కనబడ్డాడు. వాడికి ఇదే చివరి ఏడు."

టోబియాస్ మూల బెంచీ మీద కూర్చుని చేతి పట్టీలు విప్పుకుంటున్నాడు. ఎవరెట్ దగ్గరికి రాగానే లేచి నిలబడ్డాడు. "ఆపలేకపోయాను, కోచ్, క్షమించండి," అన్నాడు. ఎవరెట్ ఆ కుర్రాడి భుజాలు పట్టుకుని దగ్గరికి తీసుకున్నాడు. తర్వాత కారులో కూర్చుని, లెనోరాకు ఫోను చేసి, "ఇల్లు అమ్మకానికి పెట్టేయ్," అన్నాడు.

సోమవారం అతని ఉద్యోగం పోయింది. ఆ తర్వాత వచ్చిన కోచ్ సంగతి, కాల్డర్ స్టేట్ లేచిందా లేదా అన్న సంగతి ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ బంతి తన్నినవాడి పేరూ, ఎవరెట్ వేసిన ఆ పిచ్చి ఆహ్వానమూ అందరికీ కంఠోపాఠం. బంతిని నేలకు కొట్టి, కన్నవాళ్లు పైన గ్యాలరీలో నిలబడి చూస్తుండగా, సొంతవాళ్ల సంతోషానికే అడ్డం నిలబడిన కుర్రాడి పేరు మాత్రం ఎవరూ చెప్పరు. మీరైనా గుర్తుపెట్టుకోండి. అతని పేరు టోబియాస్ రెంటేరియా.