ఎండాకాలంలో రాసిన నాటకం

నేను చలికాలం రచయిత్రిని. మా అలెగ్జాండ్రియాలో మేం ‘చీపురు’ అని పిలుచుకునే తుఫాను వచ్చి, సముద్రపు ఒడ్డున జనాన్నంతా ఊడ్చేశాకే నా కలం కదులుతుంది. వాన కిటికీలను బాదుతుంటే పొయ్యిమీద పప్పుచారు పెట్టి కూర్చున్నానంటే, రంజాన్ నెలలో రేడియోలో రోజుకొక భాగంగా వచ్చే నాటకం వేసవికి ముందే తయారు. ఏళ్ల తరబడి అలాగే గడిచింది. అప్పట్లో రంజాన్ ఎండల్లో వచ్చేది మరి.

కానీ రంజాన్ ఒకచోట కుదురుగా ఉండే నెలా? ఏడాదికేడాది వెనక్కి జరుగుతూ జరుగుతూ చలికాలంలోకి వచ్చి కూర్చుంది. దాంతో నా నాటకం వేసవిలోనే పూర్తి కావాలి. “ఆగస్టు ఆఖరుకి చివరి భాగం నా చేతికి రాకపోతే కైరోలో ఇంకొకరిని చూసుకుంటానమ్మా,” అన్నాడు దర్శకుడు, మొహమాటం లేకుండా. ఆ నాటకం పోతే నా ప్రాణం పోయినట్టే.

వేసవి వస్తే కైరో నుంచి మా పెద్దాడపడుచు తహియ్య పిల్లాజెల్లాతో మా ఇంట్లో దిగుతుంది. హాలంతా ఇసుక, తడిబట్టలు, పుచ్చకాయ తొక్కలు. కలం పట్టుకున్నానో లేదో “దౌలత్, ఉప్పెక్కడ పెట్టావే?” అని కేక. అందుకే ఈసారి తెగించాను. ఫోన్ చేసి, “ఇంటికి రంగులు వేసుకుంటున్నాం వదినా, ఈ ఏడు రాకండి,” అన్నాను.

మా ఆయన విని, “పాపం తగులుతుందే,” అన్నాడు.

“నా నాటకం పోతే ఆ పాపం నీకు తగులుతుందిలే!” అన్నాను.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అబ్బ, ఎంత హాయి! ఆ హాయిలో ఒక్క ముక్క రాలేదు. చివరి భాగంలో తగవుపడ్డ ఇద్దరు తోటికోడళ్లు కలవాలి. ఏడిపించాను, కావలించుకునేలా చేశాను, అన్నీ చింపేశాను. తప్పంతా ఎండదేనన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఫ్యాను చప్పుడునీ తిట్టాను.

ఆగస్టు సగం దాటాక ఓ ఉదయం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే తహియ్య! తలకి పాత గుడ్డ, ఓ చేతిలో రంగు బ్రష్షులు, ఇంకో చేతిలో చేపల సంచీ.

“ఒక్కదానివీ ఏం చావగలవు ఈ పనితో? జరుగు!” అంటూ లోపలికొచ్చింది. గోడల వంక చూసింది. వేలితో రాసి చూసింది. “ఏదే రంగు?”

ఉన్నమాట చెప్పేశాను. “అబద్ధమాడాను వదినా. ఒంటరిగా కూర్చుని నాటకం రాసుకుందామని.”

“ఓహో! నీ నాటకానికి మేం అడ్డమా? పిల్లలు ఈత బట్టలు ముందేసుకుని ఏడ్చారే, సిగ్గులేనిదానా! మా నోళ్లు మూయించి, రేడియోలో ఎవరిచేత మాట్లాడిద్దామని?”

వీధంతా వినేలా తిట్టి, బ్రష్షులు నేలకేసి కొట్టింది. ఇక వెళ్లిపోతుందనుకున్నాను. ఆ క్షణాన నాటకం గుర్తే లేదు, మనిషి దూరమవుతుందన్న భయమే. తహియ్య మాత్రం విసవిసా వంటింట్లోకి నడిచి గిన్నె మూత తీసింది.

“ఇదేంటి, మాడిన అన్నమా? ఇన్నాళ్లూ దీంతోనే బతుకుతున్నారా, నువ్వూ మా తమ్ముడూనూ?” అని గొణుక్కుంటూ చేపలు తోమడం మొదలుపెట్టింది.

నేను గుమ్మంలో నిలబడే రాశాను. నా తోటికోడళ్లు ఏడవలేదు, కావలించుకోలేదు. పెద్దది తిట్టాల్సినవన్నీ తిట్టి, వంటింట్లోకెళ్లి గిన్నె మూత తీసింది. ఇన్నేళ్లూ చలికాలంలో నేను వండిందంతా వేసవిలో వీళ్లు తెచ్చిపోసిన సరుకేనని అప్పటిగ్గానీ నాకు తెలిసిరాలేదు.

రాసింది రాసినట్టు చదివి వినిపించాను. తహియ్య చేప మీంచి చెయ్యి తీయకుండానే వింది.

“ఇంతకీ చిన్నదాన్ని క్షమించిందా, లేదా?”

“నువ్వే చెప్పాలి వదినా.”

“పిల్లలకి ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం రైలెక్కమను.”