పన్నెండు వోల్టుల వెలుతురు

ట్రాక్టరు లైట్లు సరిగ్గా వెలగడం లేదని బావ మళ్ళీ వచ్చి కూర్చునేసరికి ఎలక్ట్రీషియనుకి నిజంగానే చిరాకేసింది. మొదట బల్బులు మార్చి ఇచ్చాడు. ఆ తర్వాత ఎర్త్ వైర్లు విప్పి, తుప్పు గీకి, గట్టిగా బిగించాడు. అయినా బావ షాపు ముందు స్టూలు లాక్కుని అదే పాట అందుకున్నాడు.

"నీ లైట్ల కన్నా మిణుగురులు నయంరా. మీ ఇంట్లో తెలివంతా మీ అక్కే మూటగట్టుకుని వచ్చేసింది. నీకేం మిగల్చలేదు."

అక్క పెళ్ళయిన నాటి నుంచీ బావ అతన్ని ఆటపట్టించకుండా మాట్లాడింది లేదు. అతనూ తక్కువేం తినలేదు. బావ బట్టతల మీద పడే ఎండను అద్దంలా తిప్పుకుంటే లైట్లే అక్కర్లేదన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఆ రోజు బావ నవ్వు మొహం మీద నిలవలేదు. పొద్దు వాలాక సాలు కనిపించడం లేదనీ, మొన్న పక్కవాళ్ళ కంచె మీదికే బండి ఎక్కించేశాననీ గొంతు తగ్గించి చెప్పాడు. వానలు ముంచుకొస్తున్నాయి. చీకటి పడ్డాక కూడా దున్నితే గానీ పని తెమలదు.

బావ సాళ్ళు దారం పట్టి గీసినట్టుంటాయని చుట్టుపక్కల అందరికీ పేరు. అలాంటి మనిషి కంచె ఎక్కించాడంటే లోపం బండిదే అయ్యుండాలని అతను అనుకున్నాడు. అది బావ తండ్రి కొన్న పాత పెట్రోలు ట్రాక్టరు. ఆరు వోల్టులది. వైర్లు పాతబడేకొద్దీ ఆ కాస్త కరెంటూ దారిలోనే హరించుకుపోతుంది.

"పన్నెండుకి మార్చేద్దాం బావా," అన్నాడు.

షాపుకి సెలవున్న రోజున సామాను వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. షెడ్డులో ట్రాక్టరు బానెట్ తీసి, పాత డైనమో విప్పి, దాని స్థానంలో పాడైన కారు నుంచి తెచ్చిన ఆల్టర్నేటర్ బిగించాడు. ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ మార్చాడు, బల్బులు మార్చాడు, పన్నెండు వోల్టుల కొత్త బ్యాటరీ పెట్టాడు. సెల్ఫ్ మోటారు జోలికి పోలేదు. అది పన్నెండు మీద ఇంకా చురుగ్గా తిరుగుతుంది, కాకపోతే ఎక్కువసేపు నొక్కి పట్టుకోకూడదు. పాత బ్యాటరీకి ప్లస్ వైరు బాడీకి వెళ్ళేది. ఇప్పుడు మైనస్ వెళ్ళాలి.

"అంటే నా బండిని తలకిందులు చేస్తున్నావన్నమాట," అన్నాడు బావ, పక్కనే బల్ల వేసుకుని.

స్పానర్ ఇమ్మంటే, మోకాలి పక్కనే ఉన్నదాని కోసం బావ నేలంతా తడిమాడు. అక్క వచ్చి పక్క నుంచి మంచినీళ్ళ గ్లాసు చాపితే, అది చేతికి తగిలేదాకా అందుకోలేదు. అతను రెండూ చూశాడు. కానీ మనసంతా వైర్ల మీదే ఉండడంతో పట్టించుకోలేదు.

పొద్దు వాలేసరికి పని పూర్తయింది. బావ సీటెక్కి సెల్ఫ్ నొక్కాడు. ఇదివరకు మూలుగుతూ మూలుగుతూ అందుకునే ఇంజను ఒక్క ఊపులో అందుకుంది. అక్క కూడా వంటింట్లోంచి వచ్చి ఎదుటి గోడ పక్కన నిలబడింది. బావ లైట్లు వేశాడు.

వెలుతురు గోడంతా పరుచుకుంది. సున్నం పెచ్చులూ, వాటి మధ్య సన్నటి బీటలూ కూడా కనిపించాయి. అక్క కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బావ ముందుకి వంగి చూశాడు. "కాస్త నయం," అన్నాడు. "మీ అక్కని కూడా పిలవరా. చూసి సంతోషిస్తుంది."

అక్క అక్కడే ఉంది. బండికి నేరుగా కాక, కుడివైపు నాలుగడుగులు పక్కగా, నిండు వెలుతురులో. అతను అక్క వైపు చూశాడు. అక్క కళ్ళ మీంచి చెయ్యి దించింది. గోడ వెంబడే నెమ్మదిగా నడుచుకుంటూ బండికి నేరుగా ఎదురుగా వచ్చి ఆగింది.

"అదిగో, వచ్చేసింది. ఎక్కడున్నావు ఇంతసేపూ?" అన్నాడు బావ.

"ఇక్కడే," అంది అక్క.

రెండ్రోజుల తర్వాత కంటి ఆస్పత్రిలో బావ గడ్డాన్ని చూపు వెడల్పు కొలిచే యంత్రానికి ఆనించి, నడిమి చుక్కనే చూస్తూ ఎక్కడ మెరుపు కనిపించినా బటన్ నొక్కమన్నారు. అద్దం అవతల నిలబడి అతను చూస్తూనే ఉన్నాడు. బావ వేలు ఎక్కువసేపు కదలకుండానే ఉండిపోయింది. నీటికాసులు, గ్లకోమా అన్నాడు డాక్టరు. నొప్పీ మంటా లేకుండా చూపుని అంచుల నుంచి లోపలికి తినుకుంటూ వస్తుందట. పోయిన చూపు ఇక రాదు. ఉన్నదాన్ని మందు చుక్కలు కాపాడితే కాపాడినట్టు. బండి మాత్రం నడపకూడదు.

తిరుగు బస్సులో బావ మందు చుక్కల సీసాని వేళ్ళతో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత, "లైట్లు మొదటి నుంచీ బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు.

"లేదు బావా. ఆరు వోల్టులు నిజంగానే తక్కువే."

"నిన్నెన్ని మాటలన్నానురా."

"అనాల్సినవే అన్నావులే."

బావ నవ్వుతాడేమోనని చూశాడు. బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మిగిలిన పొలం అతనే దున్నాల్సి వచ్చింది. షాపు పెందలాడే కట్టేసి వచ్చి బండెక్కేవాడు. వైర్లు పట్టుకున్న చేతులకి నాగలి లోతు ఎక్కడ తెలుస్తుంది? సాళ్ళు అష్టవంకర్లు పోయేవి. బావ గట్టు మీద కూర్చుని ఇంజను చప్పుడు వింటూ ఉండేవాడు. ఇప్పుడు తిడతాడు, ఇంకాసేపటికి తిడతాడు అని అతను ఎదురుచూసేవాడు. ఒకనాడు కావాలనే స్టీరింగు వదిలేసి సాలుని చెరువు గట్టులా వంచాడు.

బావ గట్టు దిగి, చెప్పులు విడిచి, ఆ సాలులో నడిచాడు. వంపు దగ్గర ఆగి కాలితో తడిమి చూశాడు.

"మా కోసం నీ షాపు పాడుచేసుకుంటున్నావు. నీకు చాలా శ్రమ ఇస్తున్నాం," అన్నాడు.

పరాయివాడితో మాట్లాడినట్టే ఉంది. అతను ఇంజను ఆపేశాడు.

"వంకర పోయింది కదా బావా. ఏమీ అనవేం?"

"పర్లేదు. విత్తనం మొలవడానికి సాలు వంకరైతే ఏం," అన్నాడు బావ. తర్వాత చెప్పుల కోసం కాళ్ళతోనే వెతుక్కున్నాడు.

వాన పడేలోపు పొలం పూర్తయింది. సాళ్ళు ఎలా వచ్చాయని బావ అడగలేదు, ఎగతాళీ చెయ్యలేదు.