చిలకపచ్చ పగ

నేను ఒక ఫుట్‌బాల్ జెర్సీని. చిలకపచ్చ రంగు, తెల్ల అంచులు, వీపున నాలుగో నంబరు, గుండె దగ్గర ఎర్రముక్కు చిలక. కాలర్ లేదు. ఆ కాలర్ లేకపోవడమే ఇంత కథకూ మూలం.

నేను పుట్టింది సికింద్రాబాద్ రెజిమెంటల్ బజారులో, ఖాజా మియా అనే దర్జీ కుట్టుమిషను కింద. చిలకలగూడ స్పోర్టింగ్ అనే జట్టు కోసం మమ్మల్నందరినీ ఒకే తానులోంచి కత్తిరించాడాయన. జట్టులో ఉన్నవాళ్లు రైల్వే వర్క్‌షాపు కార్మికులు, వాళ్ల తమ్ముళ్లు, బామ్మర్దులు. మా గుండెల మీద చిలకలు కుట్టింది మాత్రం కరుణమ్మ. మా జట్టు స్టాపర్ బ్యాక్ దర్శనం భార్య. అప్పటికామె నిండు చూలాలు. దర్శనం వంతుకొచ్చిన నా చిలక మిగతా వాటికన్నా కాస్త బొద్దుగా వచ్చింది. "ఏం దర్శనం, నీ చిలక గూడ నీళ్లాడేటట్టున్నదే!" అని జట్టువాళ్లు ఏడిపించేవారు. దర్శనం సిగ్గుపడి నవ్వేవాడు. ఆ కడుపులో ఉన్న బిడ్డే సువార్త.

మనుషుల ఆటలు చూస్తే నాకు నవ్వొచ్చేది. ఒక తోలుబంతి కోసం మోకాళ్లు పగలగొట్టుకుంటారు, అమ్మానాన్నల్ని తిట్టుకుంటారు, ఆట అయ్యాక ఒకే ఇరానీ హోటల్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని చాయ్ తాగుతారు. దర్శనం మాత్రం ఎవరినీ తిట్టేవాడు కాదు. గోలు ముందు గోడలా నిలబడేవాడు. ఒకసారి పక్కటెముక విరిగినా నన్ను పళ్ల మధ్య కరిచిపట్టుకుని ఆట చివరిదాకా నిలిచాడు. ఆ పంటిగాట్లు నా అంచు మీద ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత డాక్టర్లు కోసి కుట్టిన మచ్చ ఆయన పక్కన అలాగే మిగిలిపోయింది.

కొన్నేళ్లకు మా మైదానంలో ఫంక్షన్ హాలు లేచింది. జట్టు చెదిరింది. కరుణమ్మ కాలం చేసింది. నేను బీరువాలో కలరా ఉండల మధ్య పడుకున్నాను.

సువార్త చదువుకుని ఎముకల డాక్టరయింది. తోటి డాక్టరు ఎవరో సరదాగా గోల్ఫ్ కర్ర చేతికిస్తే, ఆ ఆట ఆమెకు అబ్బింది. ఊరి చివర గుట్టల్లో ఉన్న హిల్‌వ్యూ గోల్ఫ్ క్లబ్బులో చేరింది. నాలుగేళ్లు తిరిగేసరికి మహిళల కప్పు గెలిచేంత ఆటగత్తె అయింది. కప్పు ఇచ్చే రోజు సరదా ఆట ఒకటి పెట్టి, కుటుంబాలను కూడా పిలిచారు.

"ఏం తొడుక్కొని రావాలె బిడ్డా?" అని దర్శనం అడిగాడు.

"నీకున్న వాటిల్ల మంచిది తొడుక్కో డాడీ" అంది సువార్త, ఆటకు వెళ్లే తొందరలో.

ఆయనకున్న వాటిల్లో మంచిది నేనే. నన్ను బయటికి తీసి, తనే నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేసుకున్నాడు. తల దువ్వుకుని, బూట్లకు పాలిష్ పెట్టుకుని, ఆటో ఎక్కి నన్ను క్లబ్బుకు తీసుకెళ్లాడు. దారంతా అరచేత్తో నా ముడతలు సవరిస్తూనే ఉన్నాడు.

క్లబ్బు వరండాలో తెల్ల కుర్చీల్లో జనం టీ తాగుతున్నారు. సువార్త ఇంకా ఆఖరి గుంత దగ్గరే ఉంది. అప్పుడు వచ్చాడు క్లబ్బు కెప్టెన్ మురహరి రావు. గ్రానైట్ వ్యాపారి. మంచి పొడగరి, తెల్ల టీషర్టు, దానికి కాలర్, ఛాతీ మీద ఒక మొసలి బొమ్మ.

"ఎవరండీ మీరు? ఎవరి తాలూకు?"

"డాక్టర్ సువార్త మా బిడ్డ సార్. కప్పొచ్చిందంట, చూద్దామని వచ్చిన."

"సంతోషం. కానీ కాలర్ లేని ఈ బట్టలు కుదరవు. ఫుట్‌బాల్ టీముల డ్రెస్సులు ఇక్కడ నిషేధం. గేటు దగ్గర బోర్డు చూడలేదా?"

"చూడలే సార్. ఇంటికి పోయి మార్చుకొని వచ్చేసరికి అయిపోతదేమో."

"ఇంటికెందుకు? మన షాపులోంచి ఒక టీషర్టు తెప్పిస్తాను, ఇక్కడే మార్చుకోండి. అది ఒంటి మీద ఉండగా లోపలికి మాత్రం రానివ్వలేను."

గదిలోకి వెళ్లి మార్చుకోమని ఆయన అనలేదు. దర్శనం అడగలేదు. అందరి ముందూ రెండు చేతులూ పైకెత్తి నన్ను విప్పాడు. పక్కటెముకల మీది మచ్చ, నెరిసిన ఛాతీ, వయసు మీదపడి జారిన భుజాలు, అన్నీ ఆ టీ కప్పుల ముందు బయటపడ్డాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. మొసలికి లోపల కుర్చీ ఉందట, చిలకకు లేదట. నన్ను ఒక ప్లాస్టిక్ కవర్లో కుక్కారు.

సువార్త వచ్చి, తండ్రి ఒంటి మీద వదులుగా వేలాడుతున్న క్లబ్బు టీషర్టు చూసింది.

"ఇదేంది డాడీ?"

"చెమట పట్టింది బిడ్డా. వీళ్లే ఇచ్చిన్రు పాపం."

ఆ అబద్ధం అక్కడితో నిలిచిపోయేదే. కానీ కప్పు ఇచ్చేటప్పుడు మురహరి రావు మైకు పట్టుకుని, "ఇవాళ మనం రెండు పనులు చేశాం. డాక్టరమ్మకి కప్పిచ్చాం, వాళ్ల నాన్నగారిని ఫుట్‌బాల్ గ్రౌండు నుంచి తీసుకొచ్చి జెంటిల్‌మన్‌ని చేశాం" అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. అందరూ నవ్వుతున్నారు కదా అని దర్శనం కూడా నవ్వాడు.

ఆ నవ్వు సువార్త చూసింది. కవర్లోంచి నేనూ విన్నాను. గోలు పడ్డప్పుడు కూడా ఆ గొంతు అంత చిన్నగా వినిపించడం నేనెరగను. మురహరి చొక్కా కూడా అదే వరండాలో విప్పించాలని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. చేతులున్నా వేళ్లు లేనిదాన్ని, అనుకోవడం తప్ప ఏం చేయగలను? కానీ నాకొక మనిషి దొరికింది. ఆ సాయంత్రం సువార్త వరండాలో జరిగిందంతా తెలుసుకుని, నన్ను కవర్లోంచి తీసి, ఉతక్కుండా, తన గోల్ఫ్ సంచి పక్కజేబులో పెట్టుకుంది.

"పోనీ తియ్ బిడ్డా. వాళ్ల ఇల్లు, వాళ్ల పద్ధతి" అన్నాడు దర్శనం.

సువార్త ఆ జేబు జిప్పు లాగేసింది. స్నేహితులు క్లబ్బు మానెయ్యమంటే మానలేదు. మురహరికి ఎప్పటిలాగే నమస్కారం పెట్టింది. మరుసటి ఏడు కార్యవర్గానికి నిలబడి గెలిచింది. ఎవరికీ అక్కరలేని బాధ్యత ఒకటి అడిగి మరీ తీసుకుంది. బట్టల నియమాలు చూసుకునే పని.

మొదటి సమావేశంలో ఆమె అన్న మాటలు విని నా దారాలు జివ్వుమన్నాయి. "ఫుట్‌బాల్ దుస్తుల నియమం సరిగ్గా లేదు సార్. ఇంకా గట్టిగా ఉండాలి. సభ్యులైనా, అతిథులైనా, కార్యవర్గమైనా సరే, వేసుకొస్తే వరండాలోనే విప్పాలి. ఎవరికీ మినహాయింపు ఉండకూడదు."

మురహరి మురిసిపోయాడు. "చూశారా, మా డాక్టరమ్మకి ఇప్పుడు అర్థమయింది! నేనే మినహాయింపిస్తే నా కుర్చీ లాగేసుకోండి!"

"అదీ రాద్దాం సార్."

రాశారు. మురహరి నవ్వుతూ సంతకం పెట్టాడు. ఇంతకాలం నన్ను మోసింది ఇందుకా అని సువార్త మీద కూడా పళ్లు నూరుకున్నాను. మనుషుల్ని ఒంటికి అంటుకుని ఉండి కూడా పూర్తిగా తెలుసుకోలేం.

ఆ ఏడాది క్లబ్బు పెద్ద పోటీకి ధనుంజయ్ అనే సిమెంటు కంపెనీ యజమానిని పట్టుకున్నారు. ఖర్చంతా ఆయనదే. ఆయనకు మూసీ ఈగల్స్ అనే ఫుట్‌బాల్ జట్టు ఉంది. ఆ జట్టువాళ్ల మోకాళ్లకు వైద్యం చేసేది సువార్తే. "మా వాళ్లకి మీ జెర్సీలు కానుకగా ఇస్తే బాగుంటుంది. మురహరి గారికి వెనకాల పేరు కూడా వేయించండి" అని ఆమె ఆయనతో అనడం నేను సంచిలోంచి విన్నాను. అప్పుడు తెలిసింది నాకు ఆమె ఎత్తు. ఆనందంతో నా చిలక రెక్కలు విప్పుతుందేమో అనిపించింది.

ధనుంజయ్ నీలం జెర్సీ వేసుకునే దిగాడు. గేటు దగ్గరి బోర్డు ఆ రోజు పూలదండల వెనక ఉంది. మురహరి ఎదురెళ్లి, శాలువా కప్పి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ధనుంజయ్ కానుక విప్పాడు. వీపు మీద తన పేరు చూసి మురహరి ముఖం వెలిగిపోయింది. టీషర్టు మీదే దాన్ని బిగించుకుని ఫొటోలకు నిలబడ్డాడు.

సువార్త నన్ను సంచిలోంచి తీసి చేతి మీద వేసుకుంది. నేరుగా వెళ్లి ఆయన ముందు నిలబడింది.

"మురహరి గారూ, వరండాలోకి రండి. అది విప్పాలి."

ఆయన నవ్వాడు. "జోకులా డాక్టర్ గారూ? ఇవాళ స్పెషల్ డే."

"స్పెషల్ డేలు లేవని మీరే సంతకం పెట్టారు. మా డాడీకి కూడా ఆ రోజు స్పెషల్ డేనే."

ధనుంజయ్ ముఖం మారింది. "ఏంటండీ ఇది? మా టీం చొక్కా ఇక్కడ నిషేధమా?"

"అబ్బే, మీకు కాదండీ. ఇది ఏదో మామూలు... గల్లీ టీముల కోసం..." మురహరి నాలుక తడబడింది.

"నేనూ గల్లీలో ఆడినవాణ్ణేనండీ" అన్నాడు ధనుంజయ్. తర్వాత సువార్త వైపు తిరిగాడు. "మీరు తెలిసే నాతో ఇది తెప్పించారా?"

"తెలిసే తెప్పించాను. మీకు క్షమాపణ చెప్పుకుంటాను. ఆయనకు చెప్పను."

ధనుంజయ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "నేనైతే విప్పను" అని లేచి, నీలం జెర్సీతోనే కారెక్కి వెళ్లిపోయాడు.

మిగిలింది మురహరి. వేసుకునే ఉంటే కుర్చీ పోతుంది. విప్పితే పరువు పోతుంది. జనం చూస్తుండగా వరండాలోకి నడిచాడు. చేతులు పైకెత్తాడు. బిగుతు జెర్సీ తల దగ్గర ఇరుక్కుంది. లోపలి టీషర్టు కూడా దాంతో పాటే పైకి లేచి, తెల్లటి బొజ్జ బయటపడింది. గుడ్డలోంచి తల రాక ఆయన గింజుకుంటుంటే, సాయానికి ఒక్కరూ కదల్లేదు. అందరూ తమ తమ టీ కప్పుల్లోకి చూశారు. అబద్ధమెందుకు, ఆ రోజు నాకు కప్పు గెలిచినంత ఆనందం కలిగింది.

ఆ తర్వాత సర్వసభ్య సమావేశం పెట్టారు. ధనుంజయ్‌ను పోగొట్టుకున్న కోపంలో సభ్యులు మురహరిని దింపేశారు. తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. ఫుట్‌బాల్ బట్టలు రానివ్వాలా, వద్దా? కాలర్ ఉంటేనే ఆటకు మర్యాద అని కొందరు. కంపెనీ బొమ్మ ఉన్న టోపీకి లేని మైల గల్లీ జట్టు బొమ్మకెందుకని కొందరు. చివర్లో శమంతకమణి అనే పెద్దావిడ లేచింది.

"మా తమ్ముడు తన జట్టు ఎర్ర చొక్కా వేసుకుని మ్యాచ్ చూడ్డానికి వెళ్లి కన్ను పోగొట్టుకుని వచ్చాడు. వాడు ఎవరో కూడా కొట్టినవాళ్లకి తెలీదు, రంగు చూసి కొట్టారు. రంగులు లేని చోటు ఒకటైనా ఉండాలని నేనిక్కడికొస్తాను. నాకేం చెప్తావమ్మా?"

సువార్త లేచి ఆమెకెదురుగా నిలబడింది. "చెప్పలేనండీ. మీది నిజమే, మా డాడీదీ నిజమే" అంది. ఓట్లు వేశారు. స్వల్ప తేడాతో నియమం పోయింది. శమంతకమణి ఆ రోజు నుంచి క్లబ్బుకు రాలేదు. పగ తీర్చుకునేటప్పుడు పక్కన నిలబడ్డవాళ్లకూ దెబ్బ తగులుతుంది. నాకు అదొక్కటే బాధ.

కొత్త కార్యవర్గం నన్ను అద్దాల ఫ్రేములో బిగించి తలుపు పక్కన వేలాడదీసింది. మురహరి సభ్యుడు కాబట్టి రోజూ వస్తాడు, రోజూ నా ముందునుంచే వెళ్లాలి. సువార్త కోరుకున్నదీ అదే. కానీ ఒక పొద్దున ఆమె వాడిపోయిన ముఖంతో వచ్చి, కుర్చీ ఎక్కి, నన్ను గోడ నుంచి దించసాగింది. మురహరి అక్కడే ఉన్నాడు.

"తీసేస్తున్నారా?"

"మా డాడీ తిట్టాడు. పాత జట్టువాళ్లంతా ఆదివారం ఆడుతున్నారట. 'నా అంగి నన్నడగకుండ గోడకెట్ల ఇచ్చినవ్? నువ్వు గూడ నా మీదికెల్లి విప్పినట్లే గద' అన్నాడు."

మురహరి ఆమె ఎక్కిన కుర్చీ కదలకుండా పట్టుకున్నాడు. "ఆ రోజు నా తల ఇరుక్కున్నప్పుడు అందరూ కప్పుల్లోకి చూశారు. మీ నాన్నగారికీ అలాగే అయిందా?"

"లేదు. ఆయన్ని చూసి నవ్వారు. మొదలుపెట్టింది మీరే."

"ఒకసారి ఆయన్ని కలవొచ్చా?"

"అది ఆయన ఇష్టం. ఆదివారం బొల్లారం మైదానానికి రండి."

వచ్చాడు, మల్లెపువ్వులాంటి చొక్కాలో. ముందురోజు వాన పడి మైదానమంతా ఎర్రటి బురద. దర్శనం పొట్ట ఊపిరికి నన్ను సాగదీస్తోంది. ఆయన కీళ్లూ, నా కుట్లూ పాతవే. అయినా ఒక బంతిని ఆపడానికి ఆయన బురదలో నిలువునా జారాడు. నా చిలక నోటినిండా మట్టి. ఎన్నేళ్లకు!

ఆట అయ్యాక మురహరి గీత దాటి వచ్చాడు. "దర్శనం గారూ, ఆ రోజు నేను తప్పు చేశాను" అన్నాడు, అందరికీ వినపడేలా. తల వంచుకునే అన్నాడు.

"అరే, వదిలెయ్యిండ్రి సార్. చాయ్ తాగుదాం, రాండ్రి" అంటూ దర్శనం ఆయన్ని కౌగిలించుకున్నాడు.

దర్శనం మనసు పెద్దది. క్షమించాడు. అది ఆయనిష్టం. నేను మాత్రం ఆ కౌగిట్లో దొరికిన అదనులో, నాకున్న బురదంతా ఆ తెల్ల చొక్కాకు భుజం నుంచి నడుము దాకా బాగా పట్టించాను. ఎర్రమట్టి మరక తెల్లబట్టను ఎన్ని ఉతుకులకూ వదలదు.